రెండు వలయాల బొమ్మ చూపించి తమ్ముడు నా నోరు మూయించాడు: మత్తుతో మెదడులో కనెక్షన్లు నిజంగా పెరుగుతాయా?

నిద్దరకరువు
మా తమ్ముడికి 23. పదహారో ఏట నుంచీ గంజాయి తాగుతున్నాడని మొన్ననే బయటపడింది. కేకలు, ఏడుపులు, అలకలు అన్నీ అయిపోయి ఇప్పుడు సైన్స్ దగ్గరికి వచ్చి ఆగాం. నిన్న రాత్రి ఫోన్‌కి ఒక బొమ్మ పంపాడు. రెండు గుండ్రటి వలయాలు, అంచు చుట్టూ రంగు చుక్కలు. ఎడమ దాంట్లో చుక్కల మధ్య పల్చగా కొన్ని గీతలు. కుడి దాంట్లో గీతల మీద గీతలు, సాలెగూడు మీద ఇంకో సాలెగూడు కట్టినట్టు. ఎడమది మామూలు మెదడట, కుడిది మ్యాజిక్ మష్రూమ్స్ తీసుకున్న మెదడట. "నువ్వేమో మెదడు పాడవుతుందంటావు, వీళ్లేమో కనెక్షన్లు పెరుగుతాయంటున్నారు. ఎవర్ని నమ్మమంటావు అక్కా?" అని కింద రాశాడు.

వాడు తాగేది గంజాయి, బొమ్మ మష్రూమ్స్‌ది. ఆ సంగతి కూడా నాకు పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. ఇంతకీ ఆ బొమ్మ నిజమా, అబద్ధమా? తెలిసినవాళ్లు చెప్పండి. నీతులు మాత్రం వద్దు. నా దగ్గరే బోలెడున్నాయి, ఒక్కటీ పనిచేయలేదు.

మూడోబెంచీ
చిక్కులెక్కువుంటే తెలివెక్కువ అనే లెక్కన నా జేబులోని ఇయర్‌ఫోన్ తీగ ఈపాటికి శాస్త్రవేత్త అయ్యుండాలి.

వోక్సెల్‌పంతులు
బొమ్మ నిజమే. 2014లో ‘జర్నల్ ఆఫ్ ది రాయల్ సొసైటీ ఇంటర్‌ఫేస్’లో వచ్చింది. నేను కొన్నేళ్లు ఇలాంటి స్కాన్‌ల డేటా శుభ్రం చేసే పనిలోనే ఉన్నాను, అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

ఆ గీతలు నరాలు కావు. ఇలాంటి స్కాన్‌లు తీసే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ యంత్రానికి నరాల్లో పోయే కరెంటు కనపడదు. మెదడులో ఒక చోట కణాలు పనిలో పడితే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా వస్తుంది. యంత్రం పట్టుకునేది ఆ తేడాని, అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా. రెండు చోట్ల ఈ హెచ్చుతగ్గులు ఒకే తాళానికి నడుస్తుంటే వాటి మధ్య ‘ఫంక్షనల్ కనెక్టివిటీ’ ఉంది అంటారు. వీధికి ఆ చివర ఒక ఇల్లు, ఈ చివర ఒక ఇల్లు, రెండింట్లోనూ రోజూ ఒకే టైముకి లైట్లు వెలిగి ఒకే టైముకి ఆరుతున్నాయనుకోండి. అంతమాత్రాన మధ్యలో తీగ లాగి ఉందని చెప్పగలమా?

పైగా వలయంలో గీసినవి మొత్తం సంబంధాలు కూడా కాదు. టోపాలజీ అనే గణితంతో జల్లెడ పడితే మిగిలిన అస్థిపంజరం అది. ఎడమవైపు గీత లేదంటే ఆ రెండు చోట్లకీ మాటలే లేవని కాదు. ఆ ప్రయోగంలో ఉన్నది 15 మంది. మష్రూమ్స్‌లోని సైలోసైబిన్‌ని నరానికి ఎక్కించి, స్కానర్లో పడుకోబెట్టి, ఆ మత్తు ఉన్న కాసేపట్లో తీసిన లెక్క. మర్నాడు ఆ మెదడు ఎలా ఉందో బొమ్మలో లేదు.

సందేహాలరావు
అంతా బాగుంది. మరి గీతలు పెరగడం మంచిదా, చెడ్డదా? అసలు ప్రశ్న వదిలేసి అస్థిపంజరం దగ్గర ఆపేశారు.

వోక్సెల్‌పంతులు
ఆ ఒక్క బొమ్మతో ఏదీ చెప్పలేం. మనం ఏ పనీ చేయకుండా కూర్చుని, నిన్న ఎవరేమన్నారో నెమరేసుకుంటున్నప్పుడు మెదడులో కొన్ని భాగాలు కలిసి పనిచేస్తాయి. మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం 2001లో దీనికి ‘డీఫాల్ట్ మోడ్’ అని పేరు పెట్టింది. 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజ్ వాళ్లు సైలోసైబిన్ ఇచ్చి చూస్తే, ఈ నెట్‌వర్క్ కూడళ్లలో రక్తప్రసారం తగ్గింది, వాటి మధ్య పొందిక సడలింది. 2016లో 20 మందికి ఎల్‌ఎస్‌డీ అనే ఇంకో మత్తు మందు ఇచ్చి చూశారు. చూపుకి సంబంధించిన భాగం మిగతా మెదడంతటితో మాట్లాడటం మొదలుపెట్టింది. కళ్లు మూసుకున్నా వాళ్లకి బొమ్మలు కనపడ్డాయి.

అంటే ఇంట్లోవాళ్ల మధ్య మాటలు తగ్గి, ఊరందరితో ముచ్చట్లు పెరిగాయన్నమాట. పాత ల్యాండ్‌లైన్లలో లైన్లు కలిసిపోయి పక్కవాళ్ల మాటలు మన రిసీవర్‌లో వినపడేవి, గుర్తుందా? కనెక్షన్లు పెరిగినట్టే. మనం అనుకున్నవాళ్లకి ఫోన్ కలుస్తుందా అన్నది వేరే సంగతి.

గోడమీదపిల్లి
ల్యాండ్‌లైన్ పోలిక అన్యాయం పంతులుగారూ. అదే సైలోసైబిన్‌ని డిప్రెషన్‌కి మందుగా పరీక్షిస్తున్నారు. ఒకే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంటే, ఆ గాడి కాసేపు చెరిపేయడమే మేలేమో. ఒకవైపు నుంచే చూసి రాయకండి.

వోక్సెల్‌పంతులు
సరే, ఒప్పుకుంటున్నా. పోలిక ఒకవైపుకే మొగ్గింది. కాకపోతే ఆ పరీక్షల్లో మనుషుల్ని వడపోసి తీసుకుంటారు. ఇంట్లో ఎవరికైనా సైకోసిస్, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు ఉంటే సాధారణంగా చేర్చుకోరు. పక్కన శిక్షణ ఉన్నవాళ్లు కూర్చుంటారు. పార్టీలో పక్కనుండేది మన మూడోబెంచీ లాంటివాళ్లు.

మూడోబెంచీ
నన్నెందుకు లాగుతారు మధ్యలో.

మాజీపొగరాయుడు
అక్కా, మీ తమ్ముడి కేసు దాదాపు నాదే. 17 నుంచి 26 దాకా రోజూ. మానేసి మూడేళ్లు.

నాకు ఎవరూ స్కాన్ తీయలేదు, కాబట్టి ఏ గీత పోయిందో, ఏది మిగిలిందో తెలియదు. కానీ ఒకటి చెప్తాను. చివరి రెండేళ్లు నా ఫోన్‌లో ఒక నోట్ ఉండేది. ఇప్పటికీ ఉంది, చెరపలేదు. గదిలోకి ఎందుకు వెళ్తున్నానో అందులో రాసుకుని వెళ్లేవాణ్ణి. ‘ఛార్జర్’. ‘కిటికీ వేయాలి’. ‘అమ్మ అడిగింది – కత్తెర’. ఒక రోజు ‘అమ్మ అడిగింది’ అని మాత్రమే ఉంది. ఏమడిగిందో లేదు. గదిలో నిలబడి పది నిమిషాలు ఆలోచించాను. తర్వాత వెళ్లి మళ్లీ అడగడానికి సిగ్గేసి పడుకున్నాను.

మానేశాక మొదటి రెండు వారాలు నరకం. నిద్ర లేదు, పట్టినా సినిమా అంత స్పష్టంగా కలలు, ఎవరు పలకరించినా చిరాకు. నెల దాటాక పేజీ చదివితే పేజీ గుర్తుండటం మొదలైంది. ఆ టైమ్‌కే ఎందుకు తేరుకున్నానో తర్వాత ఎక్కడో చదివాను. పంతులుగారు చెప్తే బాగుంటుంది.

వోక్సెల్‌పంతులు
సీబీ1 రిసెప్టర్ల సంగతి అయ్యుంటుంది. అవి మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే తలుపుల్లాంటివి. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ వెళ్లి తగులుకునేది వాటికే. రోజూ తాగేవాళ్లని పెట్ స్కాన్ తీస్తే మెదడు పైపొరలో ఈ రిసెప్టర్లు తగ్గి కనిపించాయి. రోజూ తలుపు బాదేవాడుంటే ఇంటివాళ్లు గడియ పెట్టుకున్నట్టు. సుమారు నాలుగు వారాలు పూర్తిగా మానిపించి మళ్లీ చూస్తే చాలా చోట్ల మామూలు స్థాయికి వచ్చేశాయి. హిప్పోక్యాంపస్‌లో మాత్రం అప్పటికింకా రాలేదు. జ్ఞాపకాలు పోగేసేది అక్కడే. మీ కత్తెర తప్పిపోయింది బహుశా అక్కడే.

మాజీపొగరాయుడు
కత్తెర దొరికింది లెండి, అలమరలో.

గోడమీదపిల్లి
నాకు తెలిసిన ఒకాయన పదిహేనేళ్లుగా తాగుతాడు, మంచి ఉద్యోగం, కింద ఇరవై మంది పనిచేస్తారు. అతని మెదడుకేమైంది మరి? అందరికీ ఒకే కథ అతికించకండి.

ఎర్రసిరా
మానసిక వైద్యం వార్డులో నర్సుగా చేస్తాను. మీ స్నేహితుడు మా వార్డుకి రాడు, మా వార్డుకి వచ్చేవాళ్లు మీకు ఎదురుపడరు. ఇద్దరం సగం సగం చూసి మొత్తం చూశామనుకుంటున్నాం. అందుకే పెద్ద లెక్కలు కావాలి. 1987లో ‘లాన్సెట్’లో స్వీడన్ సైన్యానికి ఎంపికకు వచ్చిన 45,000 మందికి పైగా కుర్రాళ్ల లెక్క వచ్చింది. 50 సార్ల కన్నా ఎక్కువ గంజాయి తాగామని చెప్పినవాళ్లలో తర్వాత స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే ప్రమాదం, తాగనివాళ్లతో పోలిస్తే ఆరు రెట్లు. ఆరు రెట్లన్నా, వాళ్లలోనూ ఎక్కువమందికి రాలేదు, అది నిజమే. కానీ ఎవరికి వస్తుందో ముందే తెలిస్తే మాకు వార్డే అక్కర్లేదు.

గోడమీదపిల్లి
సిస్టర్, తాగడం వల్ల జబ్బొచ్చిందా, జబ్బు రాబోయేవాళ్లే తాగారా? తెలివి సంగతే చూడండి. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్లో 1972-73లో పుట్టిన 1,037 మందిని 38 ఏళ్ల దాకా వెంటాడి 2012లో రాశారు, చిన్నప్పుడే మొదలుపెట్టి ఆపనివాళ్లకి ఐక్యూ ఎనిమిది పాయింట్ల దాకా తగ్గిందని. పేపర్లన్నీ మోత మోగించాయి. 2016లో కవల పిల్లల్ని తీసుకుని చూస్తే? తాగినవాడికీ, తాగని కవలకీ తేడా కనపళ్లేదు. ఇల్లు, చదువు, తల్లిదండ్రులు, వీటిల్లో ఉంది కిటుకంతా.

ఎర్రసిరా
కవలల లెక్క నేనూ చదివాను. కానీ అందులో ఎక్కువమంది డునెడిన్‌లో నష్టపోయినవాళ్లంత గట్టిగా, అన్నేళ్లు తాగినవాళ్లు కారు. వారానికోసారి తడిసినవాడికి జలుబు చేయలేదు కాబట్టి రోజూ వానలో నిలబడొచ్చు అనలేం కదా. ముందేది, వెనకేది అన్న మీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

చిట్టిచీమ
అడగడానికి మొహమాటంగా ఉంది కానీ, ఎక్కడ చూసినా టీనేజ్, టీనేజ్ అంటారేంటి? 16కీ 26కీ మెదడులో అంత తేడా ఉంటుందా?

వోక్సెల్‌పంతులు
చాలా ఉంటుంది. ఆ వయసులో రెండు పనులు జరుగుతుంటాయి. వాడని లింకుల్ని మెదడే కత్తిరించేస్తుంది. మిగిలిన దూరపు తీగలకి మైలిన్ అనే కొవ్వు తొడుగు వేస్తుంది, దాంతో సంకేతం చాలా వేగంగా పోతుంది. నుదుటి వెనక భాగం, ‘ఆగు, ఆలోచించు’ అనేది, అన్నిటికన్నా ఆఖర్న తయారవుతుంది, ఇరవైల మధ్య దాకా. ఏది కత్తిరించాలో, ఏది ఉంచాలో నిర్ణయించే పనిలో మెదడు సొంతంగా తయారుచేసుకునే గంజాయిలాంటి పదార్థాలకీ పాత్ర ఉంది. సరిగ్గా ఆ టైములో బయటినుంచి టీహెచ్‌సీ పోస్తే, తాపీ మేస్త్రి గోడ కడుతుండగా వెనక నుంచి ఇంకెవరో కేకలేసి పని పురమాయించినట్టు.

2012లో ఆస్ట్రేలియాలో 59 మంది దీర్ఘకాలం తాగినవాళ్లనీ 33 మంది తాగనివాళ్లనీ పోల్చారు. ఇది రక్తప్రసారం లెక్క కాదు, మెదడులో తీగలుండే తెల్ల పదార్థంలో నీళ్లు ఏ దిశలో పారుతున్నాయో చూసి తీగల స్థితి అంచనా కట్టే డిఫ్యూజన్ స్కాన్. హిప్పోక్యాంపస్ నుంచి బయల్దేరే కట్టలోనూ, రెండు అర్ధగోళాల్ని కలిపే వంతెన వెనక భాగంలోనూ తేడా కనిపించింది. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత ఎక్కువ.

ఇక అక్కగారి తమ్ముడికి నచ్చే పేపర్ ఒకటుంది. 2014లో టెక్సస్‌లో 48 మంది తాగేవాళ్లని, 62 మంది తాగనివాళ్లని చూశారు. తాగేవాళ్లలో కళ్ల పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ భాగంలో కణాలుండే బూడిద పదార్థం తక్కువ, కానీ కనెక్టివిటీ ఎక్కువ! అక్కడ రాసినవాళ్లే అనుమానించారు, లోటు పూడ్చుకోవడానికి మెదడు ఎక్కువ కష్టపడుతోందేమోనని. కుంటే మనిషికి రెండో కాలి కండ బలిసినట్టు. ‘ఎక్కువ’ అన్న మాట ఎక్కడ కనపడినా సంబరపడకూడదు అనేది ఇందుకే.

నిద్దరకరువు
ఇది కాపీ చేసి, లింకుతో సహా వాడికి పంపించాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

పాతకాపు
నా కాలంలో ఎక్స్‌టసీ గురించి కూడా ఇలాగే భయపెట్టారు. ఒక్క రాత్రికే మెదడు పోతుందన్నారు. తర్వాత ఆ పేపర్‌నే వెనక్కి తీసుకున్నారని విన్నాను. అప్పట్నుంచి ఈ హెచ్చరికలు నేను సగమే నమ్ముతాను.

వోక్సెల్‌పంతులు
విన్నది నిజం. 2002లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కోతులకి ఎమ్‌డీఎమ్‌ఏ, అంటే ఎక్స్‌టసీలో ఉండే మందు ఇస్తే, డోపమిన్ అనే రసాయనంతో సంకేతాలు పంపే నరాలు దెబ్బతిన్నాయని. 2003లో వెనక్కి తీసుకున్నారు. సీసాల మీద లేబుళ్లు తారుమారయ్యాయట. కోతులకి ఇచ్చింది ఎమ్‌డీఎమ్‌ఏ కాదు, మెథాంఫెటమిన్ (మెథ్) అనే ఇంకో మత్తు మందు.

గోడమీదపిల్లి
ఇదీ సైన్స్! లేబుల్ చదవడం రాదు, మనకి సుద్దులు.

ఎర్రసిరా
పిల్లిగారూ, ఆ కథలో మెథాంఫెటమిన్‌కి మాత్రం క్షమాపణ ఎవరూ చెప్పలేదు. అది నిజంగానే ఆ నరాల్ని అలా చేసింది, పేరు మాత్రం తప్పు పడింది. మనుషుల్లోనూ చూశారు. 2001లో అమెరికా శాస్త్రవేత్త నోరా వోల్కోవ్ బృందం, మెథ్ మానేసి ఏడాది దాటినవాళ్లని మళ్లీ స్కాన్ చేస్తే డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్లు (డోపమిన్‌ని తిరిగి కణంలోకి చేర్చేవి) చాలావరకు తిరిగొచ్చాయి. కానీ నడక, జ్ఞాపకం పరీక్షల్లో అంత బాగుపడలేదు. తీగ బాగుపడింది, బల్బు ఇంకా మిణుకుమిణుకుమంటోంది. ఇంకో సంగతి, ప్రయోగశాలలోనే లేబుల్ తారుమారైతే, వీధిలో పొట్లం కట్టేవాడి లేబుల్‌ని ఎంత నమ్ముదాం?

పాతకాపు
ఈ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు.

మూడోబెంచీ
ఎవరూ ఇంకా చచ్చిన చేప గురించి చెప్పలేదేంటి? 2009లో చనిపోయిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, "ఈయన మనసులో ఏముందో చెప్పు" అని అడిగారు. చేప మెదడులో ఒక చుక్క వెలిగింది! 2012లో ఇగ్నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి.

వోక్సెల్‌పంతులు
అది వేల చోట్ల ఒకేసారి వెతుకుతూ, కాకతాళీయంగా వెలిగే చుక్కల్ని లెక్కల్లో సవరించకపోతే ఏమవుతుందో చూపించడానికి చేసిన పని, యంత్రం పనికిరాదని కాదు. చచ్చిన చేప నయం, కనీసం కదలదు. నా సొంత గొడవ చెప్తాను. ఒకసారి మత్తు అలవాటున్నవాళ్లలో దూరపు భాగాల మధ్య పొందిక తగ్గి, దగ్గరి భాగాల మధ్య పెరిగినట్టు చక్కటి ఫలితం వచ్చింది. మూడు రోజులు నేల మీద కాలు నిలవలేదు. తర్వాత చూస్తే వాళ్లు స్కానర్లో తల ఎక్కువ కదిలించారు. తల ఒక మిల్లీమీటర్‌లో సగం కూడా కదలక్కర్లేదు, సరిగ్గా అలాంటి ఫలితమే వచ్చేస్తుంది. దీని మీద 2012లో పెద్ద దుమారమే రేగింది. కదిలిన చిత్రాలు తీసేశాక నా ఫలితంలో ఏమీ మిగల్లేదు.

సందేహాలరావు
అయితే మనకి ఏదీ తెలియదన్నమాట.

వోక్సెల్‌పంతులు
అలా అనలేదు. ఒక పేపర్ చూసి అరవొద్దు అన్నాను. ముందూ వెనకా తేల్చడానికే అమెరికాలో ఏబీసీడీ అని ఒక అధ్యయనం నడుస్తోంది. తొమ్మిది, పదేళ్ల పిల్లలు దాదాపు 12,000 మందిని, ఇంకా ఏదీ ముట్టకముందే స్కాన్ చేసి, పెద్దయ్యేదాకా వెంట నడుస్తున్నారు. ఎవరు మొదలుపెట్టారో, అంతకుముందే వాళ్ల మెదడు ఎలా ఉందో రెండూ చేతిలో ఉంటాయి.

ఊదారంగు
మీరంతా స్కాన్‌ల దగ్గరే ఉన్నారు. మా పిన్ని కొడుకు లాఫింగ్ గ్యాస్ పీల్చేవాడు, బెలూన్లలో. నవ్వులాటే కదా అనుకున్నాం. నాలుగు నెలలకి అరికాళ్లు తిమ్మిరి. చెప్పులు కాలి నుంచి జారిపోయినా తెలిసేది కాదు, చెప్పు లేకుండానే నడిచి వచ్చేసేవాడు. చీకట్లో నిలబడితే తూలేవాడు. డాక్టర్ బి12 విటమిన్ ఇంజెక్షన్లు రాశాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, మెట్లు దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ వదలడు.

ఎర్రసిరా
అసలైన కనెక్టివిటీ నష్టం అంటే అదే. ఆ గ్యాస్ ఒంట్లోని బి12ని పనికిరాకుండా చేస్తుంది. బి12 లేకపోతే మైలిన్ తొడుగు నిలవదు, వెన్నుపాములో తీగలు బట్టబయలవుతాయి. థిన్నర్, జిగురు పీల్చేవాళ్లలో వాటిలో ఉండే టొల్యూన్ అనే రసాయనం మెదడులోని తెల్ల పదార్థాన్నే తినేస్తుంది. వీటికి గణితం జల్లెడలు అక్కర్లేదు, మామూలు ఎమ్‌ఆర్‌ఐలోనే కనపడతాయి. మీ పిన్ని కొడుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, మంచి పని చేశారు.

గోడమీదపిల్లి
ఇది మాత్రం నాకు తెలియదు. ఒప్పుకుంటున్నా.

ఆ_తమ్ముణ్ణి_నేనే
అక్క లింకు పంపింది కదా, మొత్తం చదివాను. నన్ను కేసు, కేసు అనకండి. 2024లో ‘నేచర్’లో వచ్చింది మీరెవరూ చెప్పలేదేం? సైలోసైబిన్ ఇచ్చాక మెదడు మార్పు వారాల తరబడి ఉందని. కాసేపటి లెక్క అన్నారు పంతులుగారు.

వోక్సెల్‌పంతులు
మంచి పేపర్ పట్టుకొచ్చారు. సెయింట్ లూయిస్‌లో చేశారు. ఏడుగురే, కానీ ఒక్కొక్కరినీ సుమారు 18 సార్లు స్కాన్ చేశారు, అందుకే నాకూ నచ్చింది. మందు పనిచేస్తున్నంతసేపూ పొందిక చెల్లాచెదురైంది, తర్వాత చాలావరకు సర్దుకుంది. హిప్పోక్యాంపస్‌కీ డీఫాల్ట్ మోడ్‌కీ మధ్య బంధం మాత్రం మూడు వారాల దాకా ‘తగ్గి’ ఉంది. పెరిగి కాదు. మీరు పంపిన బొమ్మలో గీతలు పెరిగాయి, మీరు తెచ్చిన పేపర్‌లో తగ్గాయి. ఏది మంచిదని మీ వాదన?

ఇంకొకటి. వాళ్లకి స్కానర్లో ఒక చిన్న పని అప్పజెప్పితే, ఆ చెల్లాచెదురు కొంత తగ్గింది. ఒకే మందు, ఒకే మెదడు, ఏదో ఒకదాని మీద ధ్యాస పెడితే లెక్క మారిపోయింది.

అసలు మీరు మష్రూమ్స్ ఎప్పుడైనా తీసుకున్నారా?

ఆ_తమ్ముణ్ణి_నేనే
లేదు. బొమ్మ బాగుందని పంపాను.

మూడోబెంచీ
నిజాయితీకి పది మార్కులు.

ఆ_తమ్ముణ్ణి_నేనే
మాజీపొగరాయుడన్నా, ఆ నోట్ సంగతి. నేను నోట్ రాసుకోను, కానీ మా అక్క మాట్లాడుతుంటే మధ్యలో మొదలెక్కడో పోతుంది. ‘ఊ’ కొడతాను. దానికి నేను వినట్లేదని కోపం. వింటున్నాను, నిలవట్లేదు. నాది 16 నుంచి. ఏడేళ్లు. తిరిగొస్తుందా?

మాజీపొగరాయుడు
నాకు చాలావరకు వచ్చింది తమ్ముడూ. అంతా వచ్చిందా అంటే, 17కి ముందు నా మెదడు ఎలా ఉండేదో కొలిచి పెట్టుకోలేదు కదా. ఒక్కసారిగా బలవంతంగా కాకుండా డాక్టర్‌తో మాట్లాడి ఆపు, నిద్ర లేని రోజులకి వాళ్ల దగ్గర దారులున్నాయి. నేను మాట్లాడలేదు, ఆరుసార్లు మొదటి వారంలోనే మళ్లీ మొదలుపెట్టాను. ఏడోసారికి వెళ్లాను.

ఎర్రసిరా
గొంతులెవరివో వినపడటం, అందరూ నిన్నే చూస్తున్నారనిపించడం లాంటివి ఉంటే అది మాత్రం మొదటి రోజే డాక్టర్‌కి చెప్పు, దాచకు.

ఆ_తమ్ముణ్ణి_నేనే
లేవు సిస్టర్. నాలుగు వారాల లెక్క ఇవాళ్టి నుంచా, రేపటి నుంచా?

మూడోబెంచీ
‘రేపటి నుంచి’ అనేది నా సొంత బ్రాండ్, వాడుకుంటే రాయల్టీ కట్టాలి.

నిద్దరకరువు
ఒరేయ్, పక్క గదిలో కూర్చుని ఇక్కడ టైప్ చేస్తావేంట్రా. బయటికి రా.

ఆ_తమ్ముణ్ణి_నేనే
వస్తున్నా. అరవకు.

నిద్దరకరువు
పావుగంటైంది.

మాజీపొగరాయుడు
అక్కా, మీరు కూడా ఎందుకు పిలిచారో ఒక నోట్ రాసి పెట్టుకోండి.